యూరప్ వెళ్లే అమ్మకు చీరలు సర్దాలా, ప్యాంట్లు కొనాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. జూన్ మధ్యలో అమ్మానాన్నల్ని గ్రూప్ టూర్‌లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ పంపుతున్నారు. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో మూడు రోజులు ఆగుతారు. అమ్మగారికి 58 ఏళ్లు, పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప వేరేది కట్టలేదు. నాన్నగారికి షుగర్ ఉంది. "అక్కడ చీరతో చలికి తట్టుకోలేవు, అందరూ వింతగా చూస్తారు, జీన్స్ ప్యాంట్లు కొనుక్కో" అని చుట్టాలు టెన్షన్ పెట్టేసరికి ఆవిడ అసలు టూరే వద్దంటున్నారట. ఏం కొనాలి, ఏం సర్దాలి అని అడిగారు.

నేను విజయవాడ నుంచి గ్రూపుల్ని విదేశాలకు తీసుకెళ్లే టూర్ మేనేజర్‌ని. మీ అమ్మగారి వయసు వాళ్లే మా గ్రూపుల్లో ఎక్కువ. అందుకని ముందు ఆవిడకు ఒక మాట చెప్పండి: చీరతోనే వెళ్లొచ్చు, హాయిగా వెళ్లొచ్చు. పారిస్‌లోనూ రోమ్‌లోనూ ప్రపంచంలోని అన్ని దేశాలవాళ్లూ తిరుగుతుంటారు, చీరను ఎవరూ వింతగా చూడరు. ఎవరైనా ఆగి చూశారంటే బాగుందని చెప్పడానికే. జీవితమంతా ఒక కట్టుకు అలవాటు పడిన ఒంటికి, అరవై దగ్గరికొచ్చాక, అదీ విమానం దిగిన రోజున, కొత్త బట్ట తొడిగితే టూరంతా ఆ బట్టను సర్దుకోవడంతోనే సరిపోతుంది. నడుము దగ్గర బిగుసుకుపోయే జీన్స్‌తో పది గంటలు బస్సులో కూర్చోవడం ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను. పై కట్టు మార్చక్కర్లేదు. మారాల్సినవి పాదాలకు తొడిగేవి, చీర లోపల వేసుకునేవి, చలిలో పైన వేసుకునేవి. కొన్నది ఏదైనా ఇక్కడే వేసుకుని తిరిగి, అలవాటు చేసుకున్నాకే పెట్టెలో పెట్టాలి.

ముందు పాదాల సంగతి. బట్టల గురించి అడిగితే ఈవిడ చెప్పుల గురించి చెబుతోందేమిటి అనుకోకండి. టూరు మధ్యలో "మీరు వెళ్లి రండమ్మా, నేను గదిలో ఉంటాను" అన్నవాళ్లలో చలికి భయపడి ఆగినవాళ్లు తక్కువ, పాదాలు బొబ్బలెక్కి ఆగినవాళ్లే ఎక్కువ. మన దగ్గర గుమ్మం ముందు ఆటో ఎక్కి, వెళ్లాల్సిన చోట గుమ్మం ముందు దిగుతాం. అక్కడ బస్సు దూరంగా పార్కింగులో ఆగుతుంది, ఆ తర్వాతంతా నడకే. రోమ్ పాత వీధుల్లో నల్లరాతి దిమ్మెలు పరిచి ఉంటాయి, ఎగుడుదిగుడుగా. వెనిస్ పాత ఊళ్లో కార్లే తిరగవు. నాలుగు వందలకు పైగా వంతెనలుంటే చాలావాటికి మెట్లే. హీల్స్ ఉన్న చెప్పులు, పట్టీ చెప్పులు, హవాయి చెప్పులు ఈ దారుల్లో ఏవీ పనికిరావు.

ఇద్దరికీ అడుగు మెత్తగా ఉండి, నేల మీద పట్టు ఉండే స్పోర్ట్స్ షూ కొనండి. సాయంత్రం పూట వెళ్లి కొనండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లోపల సాక్స్ వేసుకునే సైజు చూడాలి. ముందు వేళ్లు కదిలేంత చోటు ఉండాలి. విమానంలో గంటల తరబడి కూర్చుంటే కాళ్లు ఇంకా వాస్తాయి, సరిగ్గా సరిపోయిన షూ అప్పుడు పట్టదు. ప్రయాణానికి కనీసం నెల ముందు కొని రోజూ వేసుకుని నడవమనండి. మీకు బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది కదా, అమ్మగారిని చీర కట్టుకుని ఆ షూతోనే అక్కడ నడవమనండి. చీర కింద షూ ఏమిటని మొదటి రెండు రోజులు మొహమాటపడతారు. తర్వాత అలవాటైపోతుంది. ఈ నడకలోనే ఇంకొకటి కూడా తెలుస్తుంది: చీర ఎంత ఎత్తున కట్టాలో. చెప్పుల ఎత్తుకు కట్టిన చీర షూ వెనక భాగానికి తగులుకుని ఫాల్ కుట్టు ఊడదీస్తుంది. చీలమండ కనిపించేలా రెండు మూడు అంగుళాలు పైకి కట్టుకోవాలి.

షూ అమ్మేవాళ్లు చెప్పని ఇబ్బంది ఒకటి మన ఆడవాళ్లకు ఉంది. మెట్టెలు. చెప్పులతో నడిచేటప్పుడు వాటి ఊసే తెలియదు. మూసి ఉన్న షూలో, సాక్స్ లోపల, మెట్టె అంచు పక్క వేలికి అడుగడుగునా రాసుకుంటుంది. మొదటి రోజు మంట, రెండో రోజు చర్మం లేచిపోవడం. పువ్వులు, గజ్జెలు ఉన్న మెట్టెలు, అంచు తెరిచి ఉండి బట్టకు పట్టుకునే మెట్టెలు మరీ ఇబ్బంది. టూరు వరకు నున్నటి తీగలాంటి మెట్టెలు మార్పించండి. తీయడం, మార్చడం ఇష్టం లేకపోతే మందుల షాపులో దొరికే మెడికల్ టేప్ తీసుకుని, మెట్టెతో సహా వేలి చుట్టూ ఒక చుట్టు వదులుగా చుట్టమనండి. బిగించకూడదు, వేలు వాచిందంటే కష్టం. ఒక్కో వేలికి విడిగా అరలు ఉండే సాక్స్ కూడా వస్తున్నాయి, అవి ఇంకా సుఖం. పొద్దున టేపు చుట్టి రాత్రి తీసేయడం, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవడం, అంతే పని.

నాన్నగారి విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను. షుగర్ ఎక్కువ కాలంగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, షూ కరుస్తున్నా తెలియదు. ఆయనకు బాగా అలవాటైన షూనే పెట్టండి, ఇంకో జత కూడా ఉండాలి, ఒక రోజు అది, ఒక రోజు ఇది. సాక్స్ లేతరంగువి కొనండి, ఎక్కడైనా చర్మం చిట్లి రక్తం, నీరు కారితే మరక వెంటనే కనిపిస్తుంది. వేళ్ల దగ్గర దళసరి కుట్టు లేనివి చూడండి. ప్రతి రాత్రీ అరికాళ్లు, వేళ్ల సందులు అమ్మగారు దీపం వెలుతురులో చూడాలి. షూ తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చిన్న రాయి కూడా లేదని చూసుకోవాలి. హోటల్ గదిలో కూడా ఒట్టి కాళ్లతో తిరగొద్దనండి. విమానంలో వేసుకునే బిగుతు మేజోళ్లు ఆయనకు పనికొస్తాయో లేదో మీ డాక్టరుగారినే అడగండి, ఎవరో వేసుకున్నారని కొనొద్దు.

ఇక వాతావరణం. యూరప్ అనగానే మనవాళ్లు మంచు ఒక్కటే ఊహించుకుంటారు. జూన్ అక్కడ ఎండాకాలం. పారిస్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీల ఎండ కాసింది, మన మే నెల ఎండే. రోమ్‌లో జూన్‌లో 30 దాటడం మామూలు. పైగా అక్కడ చాలా హోటళ్లలో ఏసీ ఉండదు. అదే టూరులో, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ ఊరి దగ్గర ఎండలో ఐస్‌క్రీమ్ తిని, కేబుల్ కారు ఎక్కి టిట్లిస్ కొండ మీదికి వెళితే పై స్టేషన్ 3,020 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు గాలి. జూన్‌లో కూడా కాళ్ల కింద మంచు ఉంటుంది. కొన్ని టూర్లలో యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే మంచుకొండ స్టేషన్‌కి తీసుకెళతారు, అది ఇంకా ఎత్తు, 3,454 మీటర్లు. అంటే ఒకే రోజు మన విజయవాడ డిసెంబరు పగలు, సిమ్లా జనవరి రాత్రి రెండూ చూస్తారు. అందుకే ఒక లావుపాటి స్వెటర్ కొని దాని మీదే భారం వేయడం తప్పు లెక్క. కింద ఉక్కపోత, పైన చాలదు.

వేయాల్సింది పొరలు పొరలుగా. ఒంటికి ఆనుకుని పలుచని థర్మల్ (చలికి లోపల వేసుకునే బనియన్, ప్యాంటు), దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట స్వెటర్ గాని ఊలు స్వెటర్ గాని, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే తేలికపాటి జాకెట్. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చగా ఉంచుతుంది, కాబట్టి ఏదీ ఒంటికి బిగదీసి ఉండకూడదు. మూడో పొర లేకపోతే కింద రెండూ ఎంత మంచివైనా గాలి దూరి దండగ చేస్తుంది. లోపల నూలు బనియన్ వేసుకుని దాని మీద థర్మల్ వేసే అలవాటు మనవాళ్లకు ఉంది. అది వద్దు. నూలు చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది, మెల్లగా ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంటి వేడిని లాగేస్తుంది. మే నెలలో మనల్ని బతికించేది ఆ గుణమే, మంచుకొండ మీద వణికించేదీ అదే. థర్మల్ ఒంటికే తగలాలి.

ఒక చిన్న మాట. మన ఊళ్లో ఊలు బట్టలు చలికాలంలోనే దొరుకుతాయి, మే నెలలో విజయవాడ బీసెంట్ రోడ్డంతా తిరిగినా సరైన థర్మల్ దొరకదు. ఇప్పుడే ఆన్‌లైన్‌లో తెప్పించి సైజు చూసుకోండి. బీరువాలో ఉన్న పాత స్వెటర్లు తీస్తే మాత్రం పది రోజుల ముందే తీసి ఎండలో వేయండి. కలరా ఉండల వాసన, తలుపులు మూసిన ఏసీ బస్సులో పక్కవాళ్లకు తలనొప్పి తెస్తుంది.

ఇప్పుడు ఆ కొండ మీద చీర ఎలాగంటే. మామూలు లంగా బదులు చీర కింద వేసుకునే సాగే రకం లంగా గాని, లంగా కిందే థర్మల్ ప్యాంటు గాని వేసుకోవాలి. పైన నిండు చేతుల థర్మల్, దాని మీద జాకెట్టు, అంటే రవిక. జాకెట్టు కాస్త వదులుగా ఉండాలి, లేదా నిండు చేతుల ఊలు జాకెట్టు దొరికితే అది మరీ మంచిది. పమిటను కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర దోపి, పిన్ను పెట్టి, దాని మీద స్వెటర్, ఆపైన తుంటి కిందకు దిగే జాకెట్ వేసి జిప్ పెట్టేయాలి. పమిట బయట అంగుళం కూడా ఉండకూడదు. పటమట నుంచి వచ్చిన ఒక పిన్నిగారు టిట్లిస్ మీద వేలాడే వంతెన దగ్గర జాకెట్ మీంచి పమిట వేసుకుని నిలబడ్డారు, చీర కనిపించాలి కదా ఫోటోలో అని. ఒక్క గాలి విసురుకు పమిట లేచి వెనకున్నాయన ముఖానికి చుట్టుకుంది. ఆవిడ రెండు చేతులతో పమిట పట్టుకున్నారు గాని పట్టుకోవాల్సింది వంతెన కమ్మీ. మావాళ్లు ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. అందుకే కేబుల్ కారు ఎక్కకముందే, కింద రెస్ట్‌రూమ్‌లో అద్దం ముందు, ఒక్కొక్కరి పమిట నేను చూసి పంపుతాను. ఫోటో కావాలంటే గాలి తగలని అద్దాల గది పైనే ఉంది, అక్కడ జాకెట్ విప్పి తీసుకోవచ్చు. జాకెట్ కొనేటప్పుడు కూడా చీర మీద వేసి చూడండి. కుచ్చిళ్ల మీద జిప్ పట్టాలంటే మామూలు సైజు చాలదు.

గ్లవ్స్, చెవులు కప్పే టోపీ, చలువ అద్దాలు కూడా ఉండాలి. మంచు మీద ఎండ పడి కళ్లు చెదిరిపోతాయి. అద్దాలు ఫ్యాషన్ కోసం కాదు.

చీరల ఎంపికకు వస్తే, క్రేప్, జార్జెట్, తేలికపాటి సింథటిక్ రకాలు నాలుగైదు చాలు. నలగవు, రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరతాయి, కుచ్చిళ్లు నిలబడతాయి. మంగళగిరి నూలు చీర నాకు ప్రాణం, రోమ్ ఎండకూ దుబాయ్‌కూ అంతకన్నా సుఖమైంది లేదు, రెండు పెట్టండి. కానీ పారిస్‌లో చెప్పా పెట్టకుండా వాన పడుతుంది, నూలు చీర అంచు తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. ఆ రోజులకు జార్జెట్టే. గంజి పెట్టినవి అసలు వద్దు. పట్టుచీర ఇంట్లోనే ఉండనివ్వండి.

గ్రూప్ టూర్‌లో పొద్దున ఆరింటికి లేపి, ఏడింటికి టిఫిన్, ఎనిమిదింటికి బస్సు అంటారు. ఆ హడావిడిలో కుచ్చిళ్లు పెట్టుకోవడానికి టైమ్ చాలక టిఫిన్ మానేసే అమ్మలు ఉన్నారు. రెండు చీరలకు కుచ్చిళ్లు కుట్టించేస్తే లంగాలా తొడుక్కుని పమిట వేసుకోవడమే. ఇది ప్రయాణాలకు ఎంత పనికొస్తుందో అనుభవిస్తే గాని తెలియదు. ఎస్కలేటర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పారిస్ మెట్రోలో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కుచ్చిళ్లు ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని, కుడి చెయ్యి రైలింగ్ మీద పెట్టాలి. టాయిలెట్ల సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. చాలా చోట్ల డబ్బులిచ్చి వెళ్లాలి, ఇరుకు, మగ్గూ నీళ్లూ ఉండవు, కాగితమే. చిన్న ఖాళీ నీళ్ల సీసా ఒకటి బ్యాగులో ఉండాలి. చీర, జాకెట్, బ్యాగు మూడూ పట్టుకుని లోపలికి వెళ్లకుండా, జాకెట్, బ్యాగు బయట తోటివాళ్లకు ఇచ్చి వెళ్లమనండి.

ఇంత చెప్పాక, మీ అమ్మగారు ఇష్టపడితేనే, ఒక వదులు, నిండు చేతుల చుడీదార్ సెట్ పెట్టుకోమనండి. కొండ ఎక్కే రోజుకు, దుబాయ్ నుంచి అబుదాబి మసీదు చూడ్డానికి వెళ్లే రోజుకు అది సులువు. బలవంతం చేయొద్దు.

నాన్నగారికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రోజూ వేసుకునే ప్యాంటు చొక్కాలే. జీన్స్ మాత్రం వద్దు, బరువు, తడిస్తే తొందరగా ఆరదు. కోటు, టై ఎవరూ అడగరు. చొక్కా మీద వేసుకునే చేతుల్లేని స్వెటర్ ఒకటి చాలా పనికొస్తుంది. థర్మల్ ప్యాంటు లోపల వేసుకుంటే నడుము దగ్గర అరంగుళం పెరుగుతుంది, బిగుతు ప్యాంట్లు పెట్టొద్దు.

హోటళ్లలో ఇబ్బంది వచ్చేది రాత్రి బట్టలతో. మన వీధిలో నైటీ మీద చున్నీ వేసుకుని కూరల బండి దగ్గరికి వెళ్లడం మామూలే, లుంగీ బనియన్‌తో పేపరు తెచ్చుకోవడమూ మామూలే. అక్కడ అవి పడకగది బట్టలు. గదిలో ఏది కట్టుకున్నా మన ఇష్టం, తలుపు దాటితే లిఫ్టయినా, రిసెప్షనయినా, బ్రేక్‌ఫాస్ట్ హాలయినా బజారు కిందే లెక్క. మన పెద్దవాళ్లు టిఫిన్‌కి నైటీతో దిగినప్పుడు హోటల్‌వాళ్లు పైకి ఏమీ అనరు. కానీ చుట్టూ చూపులు మారడం ఆ పెద్దావిడకు అర్థమై ముఖం చిన్నబోతే చూడలేం. ఆవిడకు ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. పడుకోవడానికీ, పొద్దున కిందికి దిగడానికీ రెంటికీ పనికొచ్చే మెత్తటి కుర్తా పైజామా ఇద్దరికీ రెండేసి జతలు పెట్టండి. అర్ధరాత్రి ఫైర్ అలారం మోగితే కూడా అలాగే బయటికి రావచ్చు.

గుళ్లూ చర్చిల దగ్గర కట్టుబాట్లున్నాయి. మన దుర్గమ్మ కొండ ఎక్కేటప్పుడు పద్ధతిగా కట్టుకుని వెళతాం కదా, వాళ్లకూ అంతే. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చిలోకి వెళ్లాలంటే ఆడామగా ఎవరికైనా భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. లోపల మగవాళ్లు టోపీ తీయాలి. చీరకు ఏ అభ్యంతరమూ లేదు, స్లీవ్‌లెస్ జాకెట్టయితే పమిట రెండు భుజాల మీదా కప్పుకోవాలి. అలా లేకపోతే ఎండలో క్యూ అంతా నిలబడ్డాక గుమ్మం దగ్గర వెనక్కి పంపుతారు, అదీ బాధ. మా గ్రూపులో ఒక కుర్రాడు నిక్కరుతో వస్తే, తెనాలి పెద్దమ్మ ఒకావిడ తన పెద్ద చున్నీ తీసి అతని నడుముకు లుంగీలా చుట్టి లోపలికి నడిపించింది. అందుకే ఏ బ్యాగులోనైనా ఒక పెద్ద చున్నీ ఉండాలంటాను. బస్సులో దుప్పటి అవుతుంది, ఎండకు గొడుగవుతుంది.

చున్నీ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మన గుంటూరు, విజయవాడ అమ్మాయిలు స్కూటీ మీద వెళ్లేటప్పుడు కళ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టేస్తారు. ఎండకు మనకది అవసరం. ఫ్రాన్స్‌లో బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడం నేరం, 2010లో చట్టం చేసి 2011 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్నారు. జరిమానా 150 యూరోల దాకా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో కూడా 2025 జనవరి 1 నుంచి అలాంటి చట్టమే వచ్చింది. అక్కడ చలికి, ఆరోగ్యానికి మినహాయింపు ఉంది కాబట్టి కొండ మీద మంకీ క్యాప్‌కు భయం లేదు. పారిస్ ఎండలో మాత్రం టోపీ, గొడుగు వాడమనండి. తల కప్పుకోవచ్చు, ముఖం కప్పకూడదు.

దుబాయ్ జూన్‌లో నిప్పులగుండం, లోపల మాల్స్‌లో ఏసీ వణికిస్తుంది. నూలు చీర, చేతిలో పలుచని శాలువ. చీర కట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్లు అక్కడ ఎంతోమంది, ఏ ఇబ్బందీ లేదు. అబుదాబిలో షేక్ జాయెద్ మసీదు చూసే రోజున మాత్రం ఆడవాళ్లు తల కప్పుకోవాలి, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండ దాకా కప్పి ఉండాలి, బట్ట వదులుగా ఉండాలి, ఒళ్లు కనిపించేంత పలుచగా ఉండకూడదు. చీరలో నడుము కనిపిస్తుంది కాబట్టి నేనిందాక చెప్పిన నిండు చేతుల చుడీదార్ ఆ రోజు వేసుకుంటే తేలిక. నాన్నగారికి ఫుల్ ప్యాంటు చాలు. అక్కడే 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ్ మందిరం కూడా చూస్తారు కాబోలు, అక్కడికీ అదే చుడీదార్ సరిపోతుంది.

బంగారం. ఒక సన్నటి నల్లపూసల గొలుసు, చిన్న దుద్దులు, మిగతాది లాకర్లో. పారిస్ మెట్రోలో, రోమ్ రైల్వే స్టేషన్లో, ఈఫిల్ టవర్ చుట్టుపక్కల జేబుదొంగలు ఎక్కువ, మెడలో మెరిసేది దూరం నుంచే కనిపిస్తుంది. సూత్రాలు తీయడం ఇష్టం లేకపోతే జాకెట్టు లోపలికి వేసుకోమనండి. ఎయిర్‌పోర్టులో మెషీన్ మోగితే లేడీ ఆఫీసరే పక్కకు తీసుకెళ్లి చూస్తారు, కంగారు పడొద్దు. చీరకున్న పిన్నులకు కూడా మోగుతుంది, అందుకే విమానం ఎక్కే రోజు పిన్నులు తగ్గించి, కుట్టించిన చీర కట్టుకోవడం మంచిది. విలువైన నగ తప్పక తీసుకెళ్లాల్సి వస్తే, వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని మీరే నిరూపించుకోవాలి.

సర్దేటప్పుడు రోజుకొక జత లెక్కన పెట్టకండి. సగం పెట్టండి, చిన్న సబ్బు, బట్టల తాడు పెట్టండి. హోటళ్లలో ఒక్కో బట్టకు విడిగా తీసుకునే ఇస్త్రీ, ఉతుకుడు ఛార్జీలు మన గుండె ఆగేంత ఉంటాయి. గన్నవరం నుంచి వెళ్లినా, హైదరాబాద్ నుంచి వెళ్లినా సాధారణంగా దారిలో విమానం మారాలి, పెట్టె ఆలస్యం కావడం అప్పుడప్పుడు జరుగుతుంది. అందుకని చేతి బ్యాగులో ఇద్దరికీ ఒక్కో పూర్తి జత, లోపలి బట్టలతో సహా, ఒక్కో స్వెటర్, నాన్నగారి మందులన్నీ ఉండాలి. అమ్మగారి పెట్టెలో సగం, నాన్నగారి పెట్టెలో సగం కలిపి సర్దితే, ఒకటి రాకపోయినా ఇద్దరికీ బట్టలుంటాయి.

టైలరు పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. పెళ్లిళ్ల సీజన్ మొదలైతే జాకెట్టు కుట్టి ఇచ్చేవాళ్లు దొరకరు. రెండు చీరలకు కుచ్చిళ్లు కుట్టించాలి, థర్మల్ మీద పట్టేలా రెండు వదులు రవికలు కుట్టించాలి, అన్ని లంగాలకూ లోపలివైపు పాస్‌పోర్టు పట్టేంత జిప్ జేబు పెట్టించాలి. కొలతలకు వెళ్లేటప్పుడు అమ్మగారు ఆ కొత్త థర్మల్ వేసుకునే వెళ్లాలి.